కండెలవ్వ గోడ

పోయిన నెలలో ఒక ఆదివారం కరీంనగర్‌లో మా మనుమరాలు వరుసగా ఐదు వైడ్లు వేసింది.

పదమూడేళ్ల పిల్ల. అంతకుముందు వారం దాకా బాగానే వేసేది. వాళ్ల కోచ్ తల గోక్కుని, "దిష్టి తగిలినట్టున్నది సార్" అన్నాడు నవ్వుతూనే. అప్పుడు చూశాను, పిల్ల ఎడమకాలికి నల్లదారం. నా చూపు ఎటు పోయిందో నా కూతురు కనిపెట్టింది. "ఉండనియ్ బాపు, దారమే కదా, ఏం పోతది" అంది.

ఏం పోతుందో నాకు తెలుసు. తాయెత్తుల మీద, చేతబడుల మీద ఊరూరా తిరిగి వాదించినవాణ్ని. ఇంకో చోటైతే కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడేవాణ్ని. ఆ రోజు కుర్చీలోనే కూర్చుండిపోయాను. పిల్ల మళ్లీ పరుగు అందుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. మట్టి మీద బూట్ల చప్పుడు వరుసగా వస్తూ వస్తూ ఒకచోట తడబడింది. బంతి వల పక్కకు కొట్టుకున్న శబ్దం ఆ తర్వాత వచ్చింది. తప్పింది చెయ్యి కాదు, కాలు. ఆ సంగతి నాకు నేర్పిన మనిషి ఇప్పుడు ఎక్కడా లేదు.

మాది సాంచాల ఊరు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. పొద్దున కళ్లు తెరిచేసరికే సాంచాల మోత ఊరంతా పరుచుకుని ఉండేది. ఇంటికి వచ్చిన చుట్టాలు రెండు రోజులు తలనొప్పి అని పడుకునేవాళ్లు. మాకేమో అది ఆగితే తలనొప్పి వచ్చేది. మా వాళ్లందరికీ గొంతు పెద్దది, పెళ్లిచూపుల్లో కూడా అరుచుకున్నట్టే మాట్లాడేవాళ్లు. మెల్లగా మాట్లాడేవాణ్ని చూస్తే ఏదో దాస్తున్నాడని అనుమానం.

మా బాపు పనిచేసే కొట్టం రేకులది. అందులో ఎనిమిది సాంచాలు. కిటికీ పక్కన చివరిది బాపుది. దానిలో ఏదో చెక్క అరిగిపోయింది. మిగతావి టకటకమంటే అది "టక్‌డం, టక్‌డం" అనేది. బాగు చేయించమని బాపు ఆసామిని అడిగి అడిగి మానుకున్నాడు. ఆసామి అంటే సాంచాల యజమాని. ఆయనకు బట్ట దిగితే చాలు, చప్పుడుతో పనేముంది.

ఆ కొట్టం పక్క సందే మా మైదానం. కొట్టం గోడ వెంట పరుగెత్తుకొచ్చి బంతి వెయ్యాలి. అవతల చివర కిరసనాయిలు డబ్బా, అదే వికెట్టు. డబ్బాకు ఎడమ పక్కన కండెలవ్వ మట్టిగోడ. బంతి సూటిగా పోతే డబ్బాకు తగులుతుంది, పక్కకు పోతే ఆ గోడకు తగులుతుంది. సైకిలు ట్యూబు ముక్కలను ఉండ చేసి, దాని మీద సాంచాల కింద పడ్డ వేస్టు నూలును బిగించి చుట్టి, మైనం రాస్తే బంతి తయారు. కార్కు బంతి మ్యాచి రోజున మాత్రమే బయటికి వచ్చేది.

ఆ సందు వాసన చెప్పడం కష్టం. గంజి పట్టిన నూలు ఎండుతుంటే వచ్చే పులుపు, మిషన్ నూనె, వేడెక్కిన తోలు పట్టా. వీటన్నిటి మీదుగా మధ్యాహ్నం పూట కండెలవ్వ ఇంటి నుంచి సర్వపిండి కాలే కమ్మదనం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ కలిపి ఇత్తడి గిన్నె అడుగున అదిమి, వేలితో రంధ్రాలు పెట్టి, నూనె పోసి సన్నటి మంట మీద వదిలేసేది. అడుగు ఎర్రబడి కరకరలాడేది. అడుగు ముక్క ఎవరికి రావాలనే దగ్గర మా స్నేహాలు తెగేవి.

కండెలవ్వ అసలు పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సాంచ మీద అటూ ఇటూ ఎగిరే నాడెలో చిన్న పుల్ల ఉంటుంది. ఆ పుల్లకు రాట్నంతో నూలు చుడితే అది కండె. రోజంతా కండెలు చుట్టేది కాబట్టి ఆమె కండెలవ్వ. భర్త ఎప్పుడో పోయాడు. కూతుర్ని భివండిలో సాంచాలు నడిపే ఇంటికి ఇచ్చింది. ఆమెకు మిగిలింది రాట్నం, మట్టిగోడ, గోడ ఇవతల మేము. ఖాళీ పుల్లలు దొంగిలించి వాటిని డబ్బా మీద బెయిల్స్‌గా పెట్టుకునేవాళ్లం. ఆమె రాట్నం ఆపకుండానే, "మూడు పుల్లలు తక్కువున్నయి. ఎవలి నిక్కరు జేబు పొడుగ్గ లేసి ఉన్నదో ఆడే ముందుకు రావాలె" అనేది. మేము చేతులతో జేబులు కప్పుకునేవాళ్లం. అంతే, దొరికిపోయేవాళ్లం.

సందులో నన్ను మించిన బౌలరు లేడు. ఇది గొప్ప కాదు, డబ్బా మీది సొట్టలే సాక్ష్యం. పది బంతులు వేస్తే ఏడెనిమిది డబ్బాకు మోగేవి. మా టీం కెప్టెన్ ఇరవై ఏళ్లవాడు, తానే సాంచ నడిపేవాడు, మాకందరికీ అన్న. నన్ను చూపించి పక్క ఊళ్ల వాళ్లతో పందెం కాసేవాడు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను వేసిన బంతి అదుపు తప్పి గోడ మీదుగా పోయి కండెలవ్వ పొయ్యి మీది అంబలి కుండను పగలగొట్టింది. వేడి అంబలి ఆమె చేతికి చురుక్కుమని అంటింది కూడా. బంతి పట్టుకుని సందులోకి వచ్చింది. "నీ చెయ్యి పడిపోను, నా కడుపు మీద కొట్టినవు గదరా" అని నోరారా తిట్టి, బంతి తీసుకుని లోపలికి పోయింది. మర్నాడు పొద్దున తనే పిలిచి ఇచ్చింది. ఊడిపోయిన నూలంతా విప్పి మళ్లీ గట్టిగా చుట్టింది. అంత గుండ్రటి బంతి మాకు ఎన్నడూ లేదు. అప్పుడు సంబరపడ్డాం. ఆ సంబరమే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

మా ఊళ్లో సాంచాలకు అమావాస్యనాడు సెలవు. మోటర్లకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తలుపు వేసేవాళ్లు. పనివాళ్లకు తీరిక దొరికేది ఆ ఒక్కరోజే కాబట్టి మ్యాచీలన్నీ అమావాస్యకే. కుండ పగిలిన తర్వాత వచ్చిన అమావాస్యకు ఊరవతలి మొరం నేల మీద పక్క ఊరివాళ్లతో మొదటిసారి పెద్ద టీంలో ఆడాను. బంతి నా చేతిలో నుంచి ఎటు పోతుందో నాకే తెలియలేదు. ఒకటి బ్యాటరు వీపు వెనక నుంచి, ఒకటి తల మీద నుంచి. ఓడిపోయాం. మర్నాడు సందులో వేస్తే మళ్లీ డబ్బా మోగింది. నెల గడిచి ఇంకో అమావాస్య వచ్చింది. మళ్లీ అదే కథ. ఈసారి ఓటమికి నేనొక్కణ్నే కారణం.

తిరిగి నడిచి వస్తున్నాం. వాగు దాటాక కెప్టెనన్న ఆగాడు.

"ఏమైందిరా నీకు? సందుల డబ్బా తప్పనియ్యవు. ఈడికొస్తె చెయ్యి యాడికి పోతున్నది?"

అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. ఓడినవాడికి అన్నం కంటే ముందు సాకు కావాలి. నాలుక మీదికి ఏది వస్తే అది అన్నాను.

"కండెలవ్వ నా చెయ్యి కట్టిందన్నా."

అనేటప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. కానీ అది నోట్లో నుంచి బయటపడగానే నాది కాకుండా పోయింది. కెప్టెనన్న ముఖం మారింది. ఒకడు కుండ పగిలిన నాటి తిట్టును గుర్తుచేశాడు. ఇంకొకడు బంతి ఒక రాత్రంతా ఆమె ఇంట్లో ఉన్న సంగతి చెప్పాడు. మూడోవాడు వేళ్లు మడిచి లెక్కపెట్టి, చెయ్యి తప్పింది రెండుసార్లూ అమావాస్యకేనని తేల్చాడు. ఆ మాట విని నేనూ వేళ్లు మడిచి చూసుకున్నాను. నేను ఆడిన అబద్ధాన్ని నేనే సగం నమ్మాను.

మూఢనమ్మకానికి తర్కం ఉండదని మనం ఎగతాళి చేస్తాం. అది మన పొరపాటు. దాని తర్కం చాలా చక్కగా అతుక్కుంటుంది. అమావాస్యకే చెయ్యి తప్పుతుందన్న పరిశీలన నూటికి నూరుపాళ్లు నిజం. అమావాస్యనాడు ఇంకేం మారుతున్నదని అడిగే ఓపికే మాలో ఒక్కడికీ లేదు.

ఆ బంతిని వాగులో పారేశారు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటెక్కలేదని ఏడ్చింది. వారం తిరగకముందే మాట వాడంతా నిండింది. ఎవరో పశువు పాలివ్వకపోతే అదీ, ఎవరికో గర్భం నిలవకపోతే అదీ వచ్చి ఆమె గుమ్మం ముందు పడ్డాయి. ఆసామి నూలు పంపడం ఆపేశాడు. సందులో రాట్నం చప్పుడు ఆగిపోయింది. హోటల్ దగ్గర ముసలివాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను, ఫలానా ఊళ్లో ఇట్లాంటి ఆడమనిషికి పళ్లు ఊడగొట్టారట, పళ్లు లేకపోతే మంత్రం పలకదట. చాయ్ తాగుతూ చెప్పుకున్నారు. వచ్చే అమావాస్యకు చేతబడి ఉందో లేదో చూసేటాయన గోదావరి అవతలి నుంచి వస్తాడని, అప్పుడు కులపెద్దల ముందు తేలుద్దామని నిర్ణయమైంది.

నాకు అన్నం సహించలేదు. కంచంలో పచ్చిపులుసు ఉన్నది ఉన్నట్టే ఉండేది. బాపు రెండు రోజులు చూసి అడిగాడు.

"ఆమె కట్టంగ నువ్వు సూసినవా?"

"లే."

"మరి?"

నేను తల దించుకున్నాను. బాపు కంచం నా వైపు జరిపాడు. "బట్టల తప్పు పడితె మేమేం జేస్తం? సాంచ ఆపి, ఏ పోగు తెగిందో సూస్తం. మంది మీద పడం" అన్నాడు. లేచి పోయి, తన సాంచకు ఇచ్చిన నూలులో నుంచి ఒక చిలప, అంటే నూలు కట్ట, తీసి నా చేతిలో పెట్టాడు. "కండెలవ్వకిచ్చి రా. కండెలు సుట్టమని నేను సెప్పిన్నని సెప్పు."

పది అడుగుల సందు దాటడానికి నాకు చాలా సేపు పట్టింది. ఆమె ఆగిన రాట్నం ముందు కూర్చుని ఉంది. నూలు కింద పెట్టాను. బాపు చెప్పమన్న మాట చెప్పాను.

"నువ్వే అన్నవంట గదా" అంది.

ఏడుపు వచ్చింది. ఆమె కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత పీట చూపించి కూర్చోమంది. నూలు విప్పి రాట్నానికి ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"మీ ఆట నాకెరుక లేదు బిడ్డా. నా గోడ నాకెరుక. కరెంటు ఉన్నంతసేపు నా గోడకు ఒక్క దెబ్బ తగలది. కరెంటు పోయిందా, ధన్ ధన్ ధన్. నా కుండ పలిగిన్నాడు కరెంటు ఉన్నదా?"

లేదు. కరెంటు పోయి, పనివాళ్లందరూ సందులోకి వచ్చి గాలికి నిలబడ్డారు. వాళ్లు చూస్తున్నారన్న సిగ్గుతో చెయ్యి తప్పిందని అనుకున్నాను.

"నీ కాళ్లు మీ బాపు సాంచ మీద ఉరుకుతయి. దెబ్బకొక అడుగు. ఈడ కూసుండి రోజు ఇంటనే ఉన్న. సాంచ ఆగితె నీ కాళ్లకు దారి దొరకది. అమాస నాడు సాంచలు నడుస్తయా?"

నేను బిత్తరపోయాను. ఆమె తలుపు తీసి గోడ చూపించింది. నిండా గుంటలు. ఒక్కొక్క గుంట ఒక్కొక్క కరెంటు కోత. క్రికెట్ అంటే ఏమిటో తెలియని ఆ మనిషి, తనను బలిపెట్టబోతున్న పిల్లవాడి లోపాన్ని గోడ అవతల కూర్చుని చెవులతో పట్టుకుంది. చదువుకున్నవాళ్లు రాసిన పుస్తకాలు తర్వాత చాలా చదివాను. పరిశీలన అంటే ఏమిటో అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే పరీక్ష చేశాను. సాంచ నడుస్తుండగా వేసినవి డబ్బాకు. కరెంటు పోయాక వేసినవి గోడకు. బొగ్గుతో కొట్టం గోడ మీద గీతలు గీశాను. సందేహం మిగల్లేదు.

తర్వాత వచ్చిన ఇరవై రోజులు నా జీవితంలో మళ్లీ రాలేదు. వాడలో ఎవరూ తొక్కని గడపను నేను రోజూ తొక్కాను. మా అవ్వకు తెలియదు, బాపు తెలియనట్టు ఉన్నాడు. కండెలవ్వ పొయ్యిలోని బూడిదను సందులో పల్చగా చల్లించింది. సాంచ నడుస్తుండగా నన్ను పదిసార్లు ఉరికించింది. అడుగులు పడ్డచోటే పడ్డాయి. సాంచ ఆగాక ఉరికిస్తే ఒక్క అడుగూ ఇంకో అడుగు మీద పడలేదు. అప్పుడు ఆమె పొడుగాటి నూలు పోగు తీసి, మొదట పడ్డ అడుగుల వెంట పరిచి, ప్రతి అడుగు దగ్గరా ఒక ముడి వేసింది. "పడుగు పోసేటోళ్లు కొలతపోగు వెట్టుకుంటరు. ఇది నీ కొలతపోగు" అంది. పదకొండు ముడులు.

ఎక్కడ మొదలుపెట్టాలో మొదటి ముడి చెప్పింది. అంతవరకు నేను ఎక్కడ బుద్ధిపుడితే అక్కడి నుంచి పరుగెత్తేవాణ్ని. తొలి మూడు అడుగులు నెమ్మదిగా, తర్వాత ఒకే వేగం. చివర్లో ఆత్రపడి పెద్ద అంగ వేస్తే తల ఎడమకు ఒరుగుతుందని, తల ఎటు ఒరిగితే బంతి అటే పోతుందని నాకు నేనే తెలుసుకున్నాను. డబ్బా మీద ఒక తుప్పుమరక చూసుకుని, దాని మీద నుంచి చూపు తిప్పకుండా వేశాను.

పోగు అలవాటయ్యాక పోగు తీసేసింది. రాట్నం తిప్పుతూ దాని చప్పుడు మీద ఉరకమంది. అదీ అలవాటయ్యాక, నేను సగం పరుగులో ఉండగా చెప్పకుండా రాట్నం ఆపేసేది. నేను తొట్రుపడితే లోపలి నుంచి నవ్వు వినిపించేది. ఆమెకు ముందు పళ్లు రెండు లేవు, నవ్వులో గాలి కలిసేది. ఒకరోజు రాట్నం ఆగినా నా కాళ్లు ఆగలేదు. డబ్బా మోగింది. కాసేపటికి ఇత్తడి గిన్నె తలుపు దగ్గరికి వచ్చింది. అడుగు ముక్క, మొత్తం నాకే. ఆ రుచి కోసం ఎన్ని ఊళ్లలో ఎన్ని సర్వపిండులు తిన్నానో లెక్కలేదు.

అమావాస్య వచ్చింది. నా లెక్క చాలా సులువు. సాంచాలు ఆగిన రోజున బాగా వేస్తే, నా చెయ్యి ఎవరూ కట్టలేదని అందరికీ తెలిసిపోతుంది. ఇంకేం మాట్లాడనక్కరలేదు. మొరం నేల మీద పోగు పరిచి, మడమతో గుర్తులు గీసుకున్నాను. కెప్టెనన్న వంగి చూశాడు.

"ఏందిరా ఇది?"

"కండెలవ్వ ఇచ్చిందన్నా" అన్నాను గర్వంగా.

పామును తొక్కినట్టు వెనక్కి జరిగాడు. నేను పట్టించుకోలేదు. ఆ రోజు ఒక్క బంతి పక్కకు పోలేదు. టక్‌డం, టక్‌డం, నా లోపల బాపు సాంచ నడుస్తూనే ఉంది. గెలిచాం. భుజాల మీద మోసుకొచ్చారు. పైనుంచి ఊరు కనబడుతుంటే, కండెలవ్వను గెలిపించానని అనుకున్నాను.

సాయంత్రం ఎండ ఉండగానే కులసంఘం అరుగు మీద అందరూ చేరారు. చూసేటాయన తెల్లధోవతితో కూర్చున్నాడు. కండెలవ్వ ఒక పక్క నిలబడి ఉంది. కెప్టెనన్న ఒక కట్టెపుల్లతో నా పోగును ఎత్తి తెచ్చి పెద్దల ముందు పడేశాడు.

"కట్టింది ఆమెనే, ఇప్పింది ఆమెనే. ముడులు సూడుండ్రి."

పెద్దలు ముడులు లెక్కపెట్టారు. పదకొండు అని చూసేటాయన పలికేసరికి మంది గుసగుసలు పోయారు. నేను ముందుకు వచ్చి, అవి నా అడుగులని చెప్పాను. సాంచ సంగతి చెప్పాను. నవ్వారు. పోరణ్ని వశం చేసుకుందని ఎవరో అన్నారు. అప్పుడు బాపు లేచాడు.

"సాంచ నడిపి, ఈ పోగు పక్కపొంటి ఉరికిచ్చి ఏపిద్దాం, అడుగడుగు ముడి కాడనే పడుతది. మీ కండ్లతోనే సూడుండ్రి."

కులపెద్ద ఆశ్చర్యపోయాడు. "అమాస నాడు సాంచ నడుపుతవా?"

"రేపు నడుపుత."

"రేపు అమాస గాదు గదనే. రేపు ఏసింది లెక్కకొస్తదా?"

దీనికి జవాబేమిటి? నన్ను ఇప్పుడు అడిగినా తడుముకుంటాను. అంత బిగుతుగా నేసిన అజ్ఞానాన్ని నేను మళ్లీ చూడలేదు. కానీ దాంట్లో ఒక పోగు నా చేతిలోనే ఉంది. నేను లాగితే మొత్తం ఊడిపోయేదేమో. "నేను అబద్ధమాడిన" అన్న ఒక్క మాట. సాంచ గురించి చెప్పాను, అడుగుల గురించి చెప్పాను, అది మాత్రం చెప్పలేదు. పొద్దున నన్ను మోసిన భుజాలన్నీ ఎదురుగా ఉన్నాయి. ఆ మాట మింగాను.

ఆమె మీద చెయ్యి పడలేదు. బాపు, ఇంకో నలుగురు సాంచాలవాళ్లు పోయి ఆమె గుమ్మం ముందు కూర్చున్నారు. పెద్దలు పరువు దక్కించుకోవడానికి ఆమెను వాడ విడిచి పొమ్మన్నారు. మర్నాడు పొద్దుటి బస్సుకు కూతురి దగ్గరికి బయల్దేరింది. రాట్నం తీసుకుపోవడానికి వీలుకాలేదు. మూట నేను మోశాను. బస్సు ఎక్కి, కిటికీ దగ్గర కూర్చున్నాక అడిగింది.

"ఆటల గెల్సినవా?"

"గెల్సిన అవ్వ."

"ఎన్ని పక్కకు వోయినయి?"

"ఒక్కటి పోలే."

"మంచిగైంది" అంది. "నా గోడ బతికింది."

గాలి కలిసిన ఆ నవ్వు నవ్వింది. బస్సు కదిలింది. మళ్లీ చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం సాంచాలు మొదలయ్యాక సందులోకి పోయి ఒక్కణ్నే వేశాను. అన్నీ డబ్బాకే తగిలాయి. అయినా ఏదో తక్కువైనట్టు అనిపించింది. చాలా సేపటికి తెలిసింది. ఇన్నాళ్లూ సాంచ చప్పుడు వెనక సన్నగా ఇంకో చప్పుడు ఉండేది. గోడ అవతల రాట్నం. నా పరుగును ఒక మనిషి వింటున్న చప్పుడు అది. వానాకాలం గడిచేసరికి గోడ కరిగింది. గుంటలన్నీ ఒకటైపోయి మట్టికుప్ప మిగిలింది. నేను చదువుకు వెళ్లిపోయాను, బంతి మళ్లీ పట్టలేదు. బాపు పోయాడు. కొట్టంలోని సాంచాలను తుక్కు కింద తూచి అమ్మారు. సందు ఇప్పుడు సిమెంటు రోడ్డు. మొన్న పోయినప్పుడు అక్కడ నిలబడ్డాను. ఎంత నిశ్శబ్దమంటే, నాకు తలనొప్పి వచ్చింది.

ఈ కథ సభల్లో చాలాసార్లు చెప్పాను. అమావాస్య, సాంచ, ముడులు. మంది చప్పట్లు కొట్టేవాళ్లు. కానీ చెప్పిన ప్రతిసారీ "ఒక పిల్లవాడు అబద్ధం ఆడాడు" అనే చెప్పాను.

తర్వాతి ఆదివారం నూలు పోగు పట్టుకుని మైదానానికి పోయాను. నూలు దొరకడమే కష్టమైంది, దుకాణాల్లో అంతా నైలాను. మనుమరాలు బాగా వేసిన ఒక పరుగు చూసి, సున్నంతో గుర్తులు పెట్టించి, వంగి ఒక్కొక్క ముడీ వేశాను. నడుము పట్టేసింది. ఈమధ్య ఒక్కసారిగా పొడుగైంది పిల్ల. అంగ పెరిగింది, మొదలుపెట్టే చోటు మాత్రం పాతదే. అంతకు మించి ఏ దిష్టీ లేదు. కోచ్ వచ్చి చూశాడు.

"ఏంది సార్, మీరు గూడ ముడులు కడుతున్నరా?"

కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు తలలు తిప్పారు. ఒకరిద్దరు నవ్వారు. నా కూతురు కూడా చూస్తోంది. నేను నిటారుగా నిలబడ్డాను.

"ఇది కొలతపోగు. కండెలు చుట్టే ఒక అవ్వ నాకు నేర్పింది. ఆమె నా చెయ్యి కట్టిందని ఊరు ఆమెను వెళ్లగొట్టింది. ఆమె కట్టలేదు. ఓడిపోయిన సిగ్గుతో నేను అబద్ధమాడిన."

తల్లిదండ్రులు మళ్లీ ఆట వైపు తిరిగారు. వాళ్లెవరికీ ఆమె తెలియదు. నా కూతురు మాత్రం చాలాసేపు నన్నే చూసింది. ఈ కథ దానికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ పిల్లవాడు ఎవరో ఇప్పుడే తెలిసింది.

నల్లదారం ఇంకా పిల్ల కాలికే ఉంది. దాని సంగతి మేము ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటాం. పోగు చుట్టి జేబులో పెట్టుకుని, పోయి మైదానం గోడ అవతల కూర్చున్నాను. అక్కడి నుంచి ఏమీ కనబడదు. పిల్ల పరుగు అందుకుంది. నేను అడుగులు లెక్కపెట్టాను.